గోడ మీద నేను వేసిన డైమండు

భోగాపురం నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో మూడు ఊళ్ల చిన్నపిల్లల బడుల్లో ఒకే ఆకారాల పటం కనిపిస్తుంది. నీలం గుండ్రం, ఆకుపచ్చ త్రికోణం, ఎర్ర చతురస్రం, చివర మూల మీద నిలబడిన పసుపు డైమండు. మొదటిది నేను వేశాను. బాగుందని మిగతా టీచర్లు చూసి వేసుకున్నారు. అందులో ఒక తప్పుంది. ఆ సంగతి నేనే రాసిపెట్టకపోతే ఆ గోడల మీద నుంచి అది పోదు.

నేను పదో తరగతి దాటలేదు. తర్వాత చదివినదంతా మా శాఖా గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం వంట ముగించుకుని వెళ్లి, మూసేదాకా కూర్చునేదాన్ని. చరిత్ర, వైద్యం, రేఖాగణితం, ఏది దొరికితే అది. నచ్చిన ముక్కలు ఎత్తి రాసుకున్న నోటుబుక్కులు పెట్టెడు ఉన్నాయి. చర్చి ఆవరణలోని గదిలో చిన్నపిల్లలకు చదువు చెప్పమని పాస్టరు గారు అడిగినప్పుడు, డిగ్రీలున్నవాళ్లను కాదని నన్ను అడిగారు కదా అని లోపల చాలా గర్వపడ్డాను.

ఆ పిల్లల్లో ఒక జాలరి ఇంటి పిల్ల ఉండేది. ఐదేళ్లు నిండాయి. తండ్రి గుజరాతు తీరంలో బోటు మీద పని. ఆ ఏడు తల్లి కూడా అక్కడి చేపల షెడ్డులో పనికి బయలుదేరుతోంది. బడులు తెరవడానికి ముందు నన్ను అడిగింది.

"టీచరమ్మా, పిల్ల ఒకటో తరగతికి పనికొస్తాదా? వస్తాదంటే మా అమ్మకాడ వదిలేసి ఎల్తాను. లేదంటే నాతో తీసుకుపోతాను. అక్కడ మన బడి లేదు మరి."

పనికిరాదని చెప్పాను. ఎందుకంటే నెలల తరబడి ఆ పిల్లకి చతురస్రానికీ డైమండుకీ తేడా పట్టుబడలేదు. బొమ్మలకు రంగు వేయమంటే రెంటికీ ఒకటే రంగు. అట్టముక్కలు వరసగా పేర్చి, త్రికోణం, చతురస్రం, త్రికోణం, తర్వాతేమిటి అంటే పసుపు డైమండు తెచ్చి పెట్టేది. నేను ఎర్ర సిరాతో ఇంటూ కొట్టేదాన్ని. తల్లికి ఆ జవాబు చెప్పింది కూడా ఒడ్డున, ఆడవాళ్లందరూ వలలు బాగుచేసుకుంటున్నప్పుడు.

"బుర్ర కొంచెం మొద్దు. ఇంకో ఏడాది పోనీ."

"సేపకీ రొయ్యకీ తేడా తెలుస్తాది గదా, సాల్లే," అంది ఒకావిడ. అందరూ నవ్వారు. తల్లి నవ్వలేదు. పిల్ల అక్కడే ఉంది.

ఆ వారమే పాస్టరు గారి అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ మాకిచ్చింది. డాంగిల్ పెట్టి కిటికీ పక్కన కూర్చుంటేనే నెట్ వచ్చేది. పిల్లలకు ఆకారాలు నేర్పే ఆటలున్న వెబ్‌సైటు తెరిచి, ముందు నేను ఆడి చూశాను. తెర మీద చెల్లాచెదురుగా బొమ్మలు. చతురస్రాలన్నీ పెట్టెలోకి లాగాలి. నిటారుగా ఉన్న మూడింటినీ లాగాను. ఏడుపు మొహం వచ్చింది. మళ్లీ ఆడాను. మళ్లీ ఏడుపు మొహమే. నెట్ సరిగా రావడం లేదనుకున్నాను.

ఆ పిల్ల నా మోచేతి కింద నుంచి చెయ్యి పెట్టి, మూల మీద నిలబడ్డ దాన్ని పెట్టెలోకి లాగింది. గంట మోగింది. నక్షత్రాలు రాలాయి.

"అది డైమండే, తప్పు," అన్నాను. నక్షత్రాలు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

"అదీ ఇదే టీచరమ్మా. ఇది కూకున్నాది, అది ఒరిగిపోనాది."

లేచి వెళ్లి నా అట్టముక్కల డబ్బాలోంచి ఎర్రదీ పసుపుదీ తెచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని కొంచెం తిప్పింది. అంచుకి అంచు అతికినట్టు కూర్చుంది. పసుపు అంతా ఎరుపు కింద మాయమైపోయింది.

ఆ డైమండు ముక్కల్ని కత్తిరించింది నేనే. చతురస్రం ముక్కని అచ్చుగా పెట్టి, చుట్టూ పెన్సిల్ గీసి కత్తిరించాను. నాకు తెలిసి ఉండాల్సింది, తెలియలేదు.

అప్పటికీ యంత్రమే తప్పేమో అనుకుంటూ గ్రంథాలయానికి పరిగెత్తాను. రేఖాగణితం పుస్తకం తెరిచాను. నాలుగు భుజాలు సమానం, నాలుగు కోణాలూ లంబకోణాలు. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. నోటుబుక్కులో కింద గీత కూడా గీసుకున్నాను. ఎటు తిరిగి ఉండాలన్న మాట అందులో ఎక్కడా లేదు.

"మూల మీద నిలబడితే అది చతురస్రం కాదు కదండీ?" అని గ్రంథపాలకుణ్ణి అడిగాను. ఆయన నా ముందున్న పుస్తకాన్ని బల్ల మీద వంకరగా తిప్పి, "ఇప్పుడు ఇందులో బొమ్మ మారిపోయిందా అమ్మా?" అన్నారు.

అక్కడి నుంచి నేరుగా ఒడ్డుకి వెళ్లాను. తల్లి ప్రయాణం మర్నాడే. మూట కట్టేసి, ఇంటి ముందు వల ఎత్తిపెడుతోంది. పక్కకి పిలిచి, పిల్లని బడిలో వేయండి, తప్పు నాది అన్నాను.

"నలుగుర్లో మొద్దన్నారు. నలుగుర్లోనే సెప్పండి."

చెప్పాను. ఆ ఆడవాళ్ల మధ్యే నిలబడి, తప్పు పటంలో ఉందనీ, పటం నేను వేసిందనీ, పిల్ల మొదటి నుంచీ సరిగ్గానే చెబుతోందనీ అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

పిల్ల అమ్మమ్మ తన చేతిలోని వలలో ఒక కన్ను రెండు వేళ్లతో విప్పి నాకు చూపించింది. "దీన్ని ఇటు తిప్పితే నీ ఎర్రది. అటు తిప్పితే నీ పసుపుది. ముళ్లు మారతాయా ఏటి? పిల్ల పుట్టినకాడ్నుంచీ దీన్లోనే ఆడుకుంటన్నాది. ఇన్నాళ్లూ నువ్వేటి సూసినావు టీచరమ్మా?"

ఆ కన్నుని నా వేళ్లతో ఇటూ అటూ తిప్పి చూశాను.

తల్లి మూట విప్పింది. పిల్లవి రెండు గౌన్లు, ఒక దువ్వెన తీసి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. మళ్లీ ముడి వేసుకుంది.

పేర్లు రాయవద్దని అందరూ అన్నారు కాబట్టి రాయడం లేదు. ల్యాప్‌టాప్ ఇచ్చిన అమ్మాయికి, పుస్తకం తిప్పిన గ్రంథపాలకుడికి, వల కన్ను చూపించిన అమ్మమ్మకి, నలుగురిలో నిలబెట్టిన తల్లికి కృతజ్ఞతలు. ఆ పిల్లకి విడిగా చెప్పుకున్నాను. దానికి ఒకటో తరగతి పలక కొనిచ్చాను, మూల మీద నిలబెట్టి నవ్వింది. ఆ పిల్లకన్నా ముందు నా దగ్గర చదివి వెళ్లినవాళ్లలో ఎంతమంది సరైన జవాబుకి నేను ఇంటూ కొట్టానో లెక్క తెలియదు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, ఆనాడు మీరు చెప్పిందే నిజం.