పర్మనెంటు అనే మాట

తెలుగులో శాశ్వతం అనే మాటను దేవుడికీ చనిపోయినవాళ్లకీ వదిలేశాం. ఉద్యోగానికి మాత్రం పర్మనెంటే. కాంట్రాక్టు మీద తెలుగు పాఠాలు చెప్పే లెక్చరర్‌ని కాబట్టి ఆ తేడా నాకు బాగా తెలుసు. నల్గొండ దిక్కు మా ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ముందు అదే అడిగేది: "నీ నౌకరి పర్మనెంటయ్యిందా బిడ్డా?"

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్‌బీ నగర్ చౌరస్తా పక్కన లెక్చరర్లం రిలే నిరాహార దీక్షకు టెంటు వేశాం. నాయకుడు మా కాలేజీ సీనియర్ లెక్చరర్, పర్మనెంటు మనిషి. పొద్దున పత్రికలవాళ్లు వచ్చేసరికి మెడలో దండతో ముందు వరసలో కూర్చునేవాడు. వాళ్లు పోగానే చంపాపేట్‌లో తన ఇంటికి భోజనానికి పోయేవాడు. సాయంత్రం దాకా కడుపు మాడ్చుకున్నది మేము, కాంట్రాక్టు వాళ్లం. మైకు దొరికితే మాత్రం ఆయనది ఒకటే పాట.

"రాష్ట్రమొచ్చిన తెల్లారే మిమ్ములందర్ని పర్మనెంటు చేపిస్త. గిది నా మాట."

చప్పట్లు కొట్టేవాళ్లం.

ఒకరోజు టెంటు పీకడానికి పోలీసులు వచ్చారు. వ్యాను ఆగడం చూసి ఆయన స్కూటర్ తీశాడు. పోలీసులు మమ్మల్ని ఎక్కించుకుపోయి సాయంత్రం వదిలారు. మర్నాడు పేపర్లో అరెస్టయిన నాయకుడిగా ఆయన ఫొటో వచ్చింది, దండతో సహా.

రాష్ట్రం వచ్చింది. ఆయనకు పెద్దాఫీసులో కుర్చీ వచ్చింది. కొన్నాళ్లు చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్లాను. చాయ్ తెప్పించి, కళ్లు సగం మూసుకుని చెప్పాడు.

"పరేషాన్ గాకమ్మా. గీ లోకంల పర్మనెంటు ఏమున్నది? మనమంతా కాంట్రాక్టు మీదొచ్చినోళ్లమే."

"మీ పెన్షన్ గూడ అంతేనా సార్?" అన్నాను.

ఆయన ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుటివాడికి కాస్త విలువ ఉండాలి. చాయ్ అక్కడే వదిలేసి వచ్చాను.

ఆయన రిటైరయినప్పుడు మా కాలేజీలో సన్మానం పెట్టారు. సన్మానపత్రం రాయమని ప్రిన్సిపాల్ నన్నే పిలిచారు. ఆవిడది గుంటూరు వైపు. ఉద్యమంలో ఆయన త్యాగం శాశ్వతంగా నిలుస్తుందన్న వాక్యం తప్పకుండా ఉండాలన్నారు.

"అది నేను రాయను మేడమ్."

"ఒక్క మాటే కదండీ, రాసేస్తే పోలా?"

"ఒక్క మాటే మేడమ్. అదే రాయను."

ఇంకెవరో రాశారు. కింద శాలువా కప్పుతున్నప్పుడు నేను పై అంతస్తులో సెకండియర్ పిల్లలకు పద్యం చెబుతున్నాను. చప్పట్లకు ఒక అమ్మాయి తల తిప్పింది. తలుపు వేసి రమ్మన్నాను.