పలక ముక్క, పిస్తా షేర్వానీ

పెళ్లిళ్లకు ఎల్‌ఈడీ తెరలు కట్టడం మా ఆయనకూ నాకూ జీవనాధారం. ఆయన కెమెరా దగ్గర, నేను తెర దగ్గర. ఉండేది మార్కాపురంలో కాబట్టి మా సామానులో ఒక పలక కూడా ఉంది. నవ్వకండి. కెమెరా చూసిన రంగు తెర మీద ఉన్నదున్నట్టు పడాలంటే, తనకంటూ ఏ రంగూ లేని బూడిదరంగు వస్తువు ఒకటి కావాలి. అందుకోసమే అమ్మే అట్టలు ఉన్నాయి గానీ, పలకల ఊళ్లో ఉంటూ అట్టముక్క కొనడానికి నాకు మనసొప్పలేదు. గనుల దగ్గర పారేసిన రాయి ఒకటి తెచ్చి రెండుగా విరిచాం. ఒక ముక్క ఆయన కెమెరా ముందు పెడతాడు. రెండోది నేను తెర పక్కన పట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అటూ ఇటూ జరుపుతాను. చేతిలోని రాయీ తెరలోని రాయీ ఒకేలా కనిపించాయంటే ఇక ఆ రోజుకు నా పని అయిపోయినట్టే. తర్వాత బిర్యానీ కోసం ఎదురుచూడటమే.

గిద్దలూరులో ఆ నిఖా రోజున మాత్రం బిర్యానీ నా గొంతు దిగేలా కనిపించలేదు.

షాదీఖానాలో మగవాళ్లు ఒక హాల్లో, ఆడవాళ్లు ఇంకో హాల్లో, మధ్యలో పరదా. మగవాళ్ల వైపు జరిగేది ఆడవాళ్లు చూడటానికే మా తెర. పెళ్లికూతురు సరిగ్గా దాని ఎదురుగా కూర్చుంది. పెళ్లికొడుకు బట్టలు ఆడపిల్లవాళ్లే పెట్టాలి కదా, ఈ అమ్మాయి ఆ పని ఎవరికీ వదల్లేదు. పిస్తా రంగు గుడ్డ తానే ఎంచి, షేర్వానీ కుట్టించి, మెడపట్టీ మీద జరీ పని తన చేత్తో చేసింది. ముందురోజు పసుపు వేడుకలో ఆ సంగతి నాకు మురిసిపోతూ చెప్పింది. అబ్బాయి తరఫువాళ్లు గంధం రంగుది ఒకటి విడిగా కొని ఉంచారని, ఏది వేసుకొస్తాడో చూడాలని గుసగుసలు కూడా అక్కడే విన్నాను.

పెళ్లికొడుకు వచ్చి కూర్చున్నాడు. తెర మీద గంధం రంగు షేర్వానీ!

ముందుగా అందుకున్నది పెళ్లికూతురి ఖాలా, అంటే వాళ్లమ్మ చెల్లెలు.

"చూసినారా! మనం పంపిన జోడా బట్టలు పక్కన పారేసినారు. పిల్ల ఏళ్లు పొడుచుకోని కుట్టింది, ఏమన్నా విలువుందా?" అంది.

మా తెరలో వెలిగే చుక్కలు పెద్దవి. జరీ పని అందులో ఆనదు, రంగు ఒక్కటే కనిపిస్తుంది. అదే సమయానికి నిఖాలో అమ్మాయి తరఫున నిలబడే వకీలూ ఇద్దరు సాక్షులూ పరదా అవతల నిలబడి, ఈ సంబంధం నీకు ఇష్టమేనా అని అమ్మాయిని అడిగారు. జవాబు లేదు. మళ్లీ అడిగారు.

"కొంచెం ఆగమను ఖాలా," అంది అమ్మాయి మెల్లగా. "నా చేతి కుట్టు ఒంటి మీద వేసుకోలేనోడు, రేపు నా మాటేం వింటాడు?"

దిక్కుతోచక తెర వంక చూస్తే, ఖాజీ గారి టోపీతో సహా తెల్ల టోపీలన్నీ వెన్న రాసినట్టున్నాయి. అనుమానం వచ్చి పలక ముక్క మీద చెమట వేలు రుద్దాను. వేలు పసుపుపచ్చగా అయింది. ముందురోజు ఇదే ఖాలా ఆటపట్టిస్తూ నా మొహానికీ, సంచికీ, చివరికి ఈ రాయికీ పసుపు పూసి పకపకా నవ్వింది. పొద్దున హడావిడిలో పైపైన తుడిచి వాడేశాను. పసుపు రాయికి సరిపెట్టిన తెర పసుపు కాక ఇంకేం చూపిస్తుంది!

తాగే నీళ్లతోనే రాయిని శుభ్రంగా కడిగాను. నీలం పెంచుకుంటూ పోయాను. టోపీలు తెల్లబడ్డాయి, షేర్వానీ మెల్లగా పిస్తా రంగుకు తిరిగింది. హమ్మయ్య అనుకునేలోగా ఖాలా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందమ్మా, మా కళ్ల ముందరే రంగు మార్చి మమ్మల్నే ఏమారుస్తావా? అట్ల తిప్పితే ఎర్రగా కూడా చేస్తావు నువ్వు!"

నాకు ఒళ్లు మండింది. పసుపు పూసింది ఆమె, మాట పడింది నేను. అయినా ఆమె అన్నది నిజమే, ఎర్రగా కూడా చేయగలను. నేను మార్చిన రంగును నేనే నిజమంటే ఎవరు నమ్ముతారు? ఫోన్ తీసి మా ఆయనకు చేశాను.

"ఏమయ్యా, నీ దగ్గరున్న పలక ముక్క పెళ్లికొడుకు చేతికియ్యి. గుండెల మీద పట్టుకోమను."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఖాజీ గారు కూర్చోని ఉండారు."

"ముందు ఇయ్యి!"

పాపం, పెళ్లికొడుకు రెండు చేతులతో రాయి పట్టుకుని, బడిలో చేరిన మొదటిరోజు పిల్లాడిలా తెర మీద కనిపించాడు. ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను నా ముక్క తీసుకెళ్లి పెళ్లికూతురి చేతిలో పెట్టాను.

"నా మాట నమ్మొద్దులే తల్లీ. నీ చేతిలోదీ ఆయన చేతిలోదీ ఒకటే రాయి. రెండూ ఒకే రంగుంటే ఆయన ఒంటి మీది రంగు కూడా నిజమే."

అమ్మాయి లేచింది. "పెళ్లికూతురు ఇట్ల తిరగకూడదు, కూర్చో," అని ఖాలా ఆమె దుపట్టా పట్టుకుంది. అమ్మాయి విడిపించుకుని తెర దాకా నడిచింది. పెళ్లికొడుకు పట్టుకున్న రాయి పక్కనే తన రాయిని ఆనించి, రెంటినీ మార్చి మార్చి చూసింది. తేడా లేదు. తర్వాత పిస్తా రంగు మీద, మెడపట్టీ ఉండే చోట, వేళ్లు పెట్టింది.

"ఖుబూల్ హై," అంది పరదా అవతలికి వినపడేలా, ఎవరూ మళ్లీ అడగకముందే.

నాకు ఏడుపొచ్చేసింది. ఈ గొడవేమీ తెలియని పెళ్లికొడుకు మాత్రం, దించమని ఎవరూ చెప్పకపోవడంతో, రాయిని గుండెలకు అదిమి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.