నొక్కి పట్టుకున్నా రాని కరెంటు

రామంతాపూర్‌లో ఒక బడిలో పదో తరగతికి ఫిజిక్స్ చెప్తాను. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని, గ్యాస్ లైటర్‌లో నిప్పురవ్వ అలాగే వస్తుందని ఏటా చెప్పేదే. ఈసారి నోరు ఊరుకోక, నొక్కి పట్టుకున్నంతసేపూ వస్తూనే ఉంటుందన్నాను. స్రవంతి అనే అమ్మాయి లేచి, "మరి లైటర్ నొక్కి పట్టుకున్నా ఒక్కసారే ఎందుకు మెరుస్తది మేడం?" అంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "వంటింటి సంగతులు కాదు, పుస్తకం చూడు" అని కూర్చోబెట్టాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. పది రోజులు ఓర్చుకుని, యూనివర్సిటీ ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్న యాదగిరిగారికి ఫోన్ చేశాను. శనివారం రమ్మన్నారు.

తొమ్మిదింటికి షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి హబ్సిగూడ చేరాను. అక్కడ ఇడ్లీ తిని మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే తార్నాక. క్యాంపస్‌లోకి ఆటోకు యాభై అయింది. "ఏం పని మీద మేడం?" అన్నాడు డ్రైవర్. పరీక్ష అన్నాను. "గీ ఉమర్ల పరీక్షేంది మేడం!" అని నా వయసు చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ల్యాబులో యాదగిరిగారు స్ఫటికపు బిళ్లకు రెండు వైర్లు తగిలించి, వాటిని తెర ఉన్న పరికరానికి కలిపారు. "మీరే నొక్కుండ్రి. గట్టిగ."

బొటనవేలితో నొక్కాను. తెర మీద గీత ఒక్కసారి పైకి లేచి, మళ్లీ కిందికొచ్చి సాపుగా నడిచింది. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కిపట్టినా మళ్లీ లేవలేదు.

"ఆగిపోయిందేంటండీ?"

"ఆగదా మరి? ఒత్తిడి మారినప్పుడే ఛార్జి కదుల్తది. మారకుంటే ఇంకేం కదుల్తది? ఇప్పుడు ఇడ్సిపెట్టుండ్రి."

వదిలాను. ఈసారి గీత కిందికి దూకింది. నొక్కినప్పుడు ఒక వైపు, వదిలినప్పుడు రెండో వైపు. సిగ్గేసింది.

తిరుగు దారిలో తార్నాక స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడి స్రవంతి వాళ్లింటికి ఫోన్ చేశాను. "నువ్వడిగిందే రైటమ్మా. సోమవారం క్లాసులో అందరి ముందూ చెప్తాను" అన్నాను.

"నాకు ఎరుకే మేడం" అంది నెమ్మదిగా. "లైటర్ ఇప్పి చూసిన. లోపల చిన్న సుత్తి ఒక్కసారే కొడ్తది. చెప్తే మీకు కోపమొస్తదని చెప్పలే."

పిల్ల మాట్లాడకపోతే ఒప్పుకుందనుకుంటాం. ఆమె ఇంట్లో లైటర్ విప్పి చూసే వేళకు నేను పుస్తకంలో అదే పేజీ తిరగేస్తున్నాను. తప్పు చెప్పినందుకు కాదు, ఆ పిల్ల నోరు మూయించినందుకే బాధేస్తోంది.

మీరూ ఇలాంటి ల్యాబు చూడాలనుకుంటే ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోండి, పొద్దున్నే వెళ్లండి. ప్రశ్న అడిగిన పిల్లను వెంట తీసుకెళ్లండి. నేను ఒక్కదాన్నే వెళ్లాను.