బుట్టలో మా ఇంటికొచ్చిన బస్సు

నా చిన్నప్పుడు మా ఊరి మీదుగా అమలాపురం నుంచి రాజోలుకు ఒకే ఒక్క బస్సు తిరిగేది. ఆకుపచ్చ బస్సు. దాన్ని నడిపేది మా పక్కింటి బాబాయిగారు. ఆయన హారన్ కొట్టుకుంటూ వస్తుంటే, ఆ బస్సు మా వీధి వాళ్ల సొంతమన్నంత గర్వంగా ఉండేది మాకు.

ఒక ఏడు వానలు మొదలైన రోజుల్లో ఆ బస్సు కాలవ గట్టు మీద జారి నీళ్లలోకి ఒరిగిపోయింది. ఎదురొచ్చిన ఎడ్లబండిని తప్పించబోతే గట్టు అంచు విరిగిందట. దేవుడి దయవల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ అందులో మా మామ్మ ఉంది. రాజోలులో ఉన్న మా మేనత్తను చూడడానికి బయలుదేరిన మనిషి, బురదనీళ్లు మింగి, ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుని, మంచం మీద తిరిగొచ్చింది.

చెయ్యి అతికింది గానీ మామ్మ మునుపటి మామ్మ కాలేదు. అరుగు దిగి వీధిలోకి రావడం మానేసింది. బండి కట్టిస్తామన్నా, పడవలో తీసుకెళతామన్నా, కాలవ అన్న మాట వినేసరికి ఆవిడ ముఖం పాలిపోయేది. మేనత్తకు రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టిందని కబురొస్తే సంతోషంతో ఏడ్చింది. ఆ వెంటనే, చూడడానికి వెళ్లలేనని ఏడ్చింది. నాన్న ధైర్యం చెప్పారు, అమ్మ బతిమాలింది. ఎంత చెబితే అంత ముడుచుకుపోయింది.

ఆ బస్సును ఎడ్ల చేత పైకి లాగించి, బాబాయిగారి కొబ్బరితోటలో పెద్ద తాటాకు పాక వేసి అందులో పెట్టారు. నేను చూడ్డానికి వెళ్లి భయపడ్డాను. రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. రేకుల మీద తుప్పు పుండులా పాకింది. సీట్ల కింద ఎండిన బురదలో నత్తగుల్లలు ఉన్నాయి. బస్సు యజమాని తుక్కు కింద తీసేస్తానన్నారట. వానలు వెలిసేదాకా గడువివ్వమని బాబాయిగారు అడిగి పుచ్చుకున్నారు. పోనీ వేరే రంగు వేసెయ్, జనం గుర్తుపట్టరు అని యజమాని అంటే, బాబాయిగారు ఒప్పుకోలేదు.

"ఆ బస్సేనని తెలియాలండి. తెలిసే ఎక్కాలండి" అన్నారు.

మరునాడు ఆయన ఒక బుట్ట పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. అందులో బస్సు దీపాల చుట్టూ ఉండే ఇత్తడి కట్లు ఉన్నాయి, కిలుం పట్టి నల్లగా.

"పిన్నిగారూ, మా ఇంట్లో ఎంత తోమినా వదలట్లేదండీ. మీ దేవుడి సామాను మెరిసినట్టు మెరవాలండి."

"ఇవి దానివే కదురా?" అంది మామ్మ.

"ఆయ్. దానివేనండి."

మామ్మ ముఖం తిప్పుకుంది. ఆయన బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. కానీ మా మామ్మ, ఇంట్లో ఇత్తడి మాసి ఉంటే అన్నం సయించని మనిషి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ బుట్ట వైపు చూసి సణిగింది. చివరికి ఉండబట్టలేక చింతపండు నానేసింది. కచ్చికల బూడిద నన్ను తెమ్మంది. మధ్యాహ్నానికి ఆ కట్లు బంగారు గాజుల్లా అయ్యాయి.

ఆ తర్వాత హారన్ బూర వచ్చింది. తలుపు పిడి వచ్చింది. ఒక్కొక్కటే వస్తుంటే, మొదట్లో వేలి చివర్లతో ముట్టుకున్న మామ్మ, రాను రాను ఒళ్లో పెట్టుకుని తోమసాగింది.

అక్కడ పాకలో పని సాగుతూనే ఉంది. కొబ్బరి పీచుతో బురద కడిగారు. లేచిన రంగంతా గీకారు. పుచ్చిన చెక్కలు వడ్రంగి మార్చాడు. సొట్టల్లో లప్పం పెట్టి, సముద్రపు నురగ అనే తెల్లటి పెంకులతో నీళ్లు పోసి రుద్దారు. రంగు వేసే రోజున దుమ్ము లేవకుండా పాకంతా నీళ్లు చల్లి, కోళ్లను కూడా అటు రానివ్వలేదు. ఒక పూత ఆరాక మళ్లీ రుద్దడం, మళ్లీ పూత. ఇంత కష్టపడి వేసి మళ్లీ అరగదీస్తారేమిటా అనుకునేదాన్ని.

ఒకరోజు బాబాయిగారు వట్టి చేతులతో వచ్చారు.

"లోపల పట్టుకునే ఇత్తడి కమ్మీ ఉందండి, పిన్నిగారూ. అది ఊడి రావట్లేదండీ. ఏం చెయ్యమంటారు?"

మామ్మ ఒకసారి వీధి వైపు చూసింది. తర్వాత చింతపండు గిన్నె నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని లేచింది.

పాక గుమ్మంలో ఇద్దరం నిలబడిపోయాం. నారుమడి పచ్చగా మెరుస్తోంది బస్సు. దాని ఒంటి మీద బయటి కొబ్బరి చెట్లు ఆకులతో సహా ఊగుతున్నాయి. మబ్బులు కదులుతున్నాయి. మా ఇద్దరి ముఖాలూ అందులోంచి మమ్మల్నే చూస్తున్నాయి. కాలవ బురదలోంచి వచ్చిన ఆ తుప్పు రేకే ఇదంటే నమ్మలేకపోయాను. మామ్మ దగ్గరికి వెళ్లి, విరిగి అతికిన చేత్తోనే దాన్ని నిమిరింది. "ఎంత నునుపుగా ఉందే!" అంది. మెల్లగా మెట్టెక్కింది. ఆ రోజూ, ఆ తర్వాతా వెళ్లి కమ్మీ అంతా తోమింది.

పని అయ్యాక ఒక ఉదయం నేను వెళ్లేసరికి బాబాయిగారు ఆ కమ్మీని మరలు తిప్పి చిటికెలో ఊడదీశారు. కింద రంగు సరిచేసి మళ్లీ బిగించారు. నేను నోరు తెరిచి చూస్తుంటే, పెదవుల మీద వేలుంచి నవ్వారు.

కార్తీకంలో బస్సు మళ్లీ రోడ్డెక్కింది. జనం చుట్టూ చేరి ముచ్చటగా చూశారు గానీ ఎవరూ ఎక్కలేదు. అప్పుడు మా మామ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చి, అందరూ చూస్తుండగా ఎక్కి, కమ్మీ పక్కన కూర్చుంది. ఆవిడే ఎక్కింది కదా అని వెనకే ఒక్కొక్కరూ ఎక్కారు. కాలవ గట్టు రాగానే ఆవిడ పిడికిలి బిగిసింది. కళ్లు మాత్రం మూసుకోలేదు. గట్టు దాటాక కమ్మీ మరల మీద వేలు రాస్తూ ముందుకు వంగి అడిగింది.

"ఏరా అబ్బాయ్, ఈ మరలు బాగానే తిరిగేలా ఉన్నాయే?"

"ఆయ్" అన్నారు బాబాయిగారు, దారి మీంచి చూపు తిప్పకుండా. మామ్మ కమ్మీ పట్టుకుని వెనక్కి జారగిలబడింది. ఆ మధ్యాహ్నం రాజోలులో మేనత్త కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది.

ఇప్పుడు నాకూ మామ్మ వయసొచ్చింది. మా ఆయన పోయాక ఆయన గదిలోకి చాలాకాలం అడుగు పెట్టలేకపోయాను. పిల్లలు ఎంతో చెప్పి చూశారు. ఒకరోజు ఆయన కళ్లజోడు ఒక్కటి తెప్పించుకుని అరుగు మీద కూర్చుని తుడిచాను. మర్నాడు గడియారం అడిగాను. ఇప్పుడు రోజూ ఆ గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.