ముందు చక్రం పట్టేసిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు చేతుల్లోకి దిగింది.

పోచంపల్లి నుంచి చీరల మూటలతో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా దుకాణానికి వస్తున్నాం. పికప్ బండి పాతది. నడిపే డ్రైవర్ నాకంటే పదేళ్లు పెద్ద. ఎల్బీనగర్ చేరేసరికి బండి ఎడమకు గుంజడం మొదలుపెట్టింది, పైగా కాలిన వాసన. బస్టాపు దగ్గర ఆపి ముందు చక్రం మీద నీళ్లు పోస్తే చుయ్యిమంది.

"బ్రేకు మీద కాలు పెట్టి నడుపుతున్నవ్ రా!" అని అరిచాను.

"లేదు సేట్. కాలు తీసినా బ్రేకు ఇడుస్తలేదు. పొద్దుగాలనే చెప్పిన గద."

ఎదురు చెప్పాడని ఒళ్లు మండింది. కాలర్ పట్టుకుని బండి తలుపుకేసి గుద్దాను. చెంప మీద ఒకటి, మళ్లీ ఒకటి. పెదవి చిట్లి రక్తం వచ్చింది. బస్సు కోసం నిలబడ్డ పదిమంది చూస్తున్నారు. సిగ్గు వేయలేదు సరికదా, నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది.

"తప్పు నీదని తేలితే ఇయ్యాల్టితోని నీ పని ఖతం," అన్నాను.

"నాది కాకపోతే?" అన్నాడు నోరు తుడుచుకుంటూ.

చక్రం చల్లారాక మెల్లగా నడుపుకుంటూ సైదాబాద్‌లోని మెకానిక్ దాకా వచ్చాం. ఆయన జాకీతో బండి ఎత్తి చక్రం తిప్పబోతే కదల్లేదు. చక్రం ఊడదీసి, పైన ఇనుప పైపు నట్టు వదులు చేశాడు. బ్రేకు డిస్కు అలాగే పట్టేసి ఉంది. తర్వాత కింద, బ్రేకు ఆయిల్‌లోంచి గాలి తీసే చిన్న నట్టు విప్పాడు. ఆయిల్ చివ్వున చిమ్మింది, డిస్కు గిర్రున తిరిగింది.

"డ్రైవర్ తప్పేం లేదు. తొక్కితే ఆయిల్ ఒస్తుంది గానీ వాపస్ పోతలేదు. నడుమ రబ్బరు పైపు మూస్కపోయింది," అంటూ లైటు వేసి లోపలికి చూశాడు. "గిదెవరు కట్టిండ్రు?"

నేనే. పైపు టైరుకు రాసుకుంటోందని నెల కిందట పక్కకు వంచి, సైకిల్ ట్యూబు చీలికతో కట్టాను. చీర నూలును రంగులో ముంచేముందు, రంగు అంటకూడని చోట చుక్క దిగకుండా ఇలాగే కడతాం. ముడి ఎంత బిగిస్తే అంత పనిమంతుడని మా ఇంట్లో లెక్క. ఆ అలవాటుతోనే పైపు పీక నులిమాను. డ్రైవర్ ముడిని చూశాడు, నన్ను చూశాడు.

నా మీద నాకే అసహ్యం వేసింది. "కొట్టన్నా. రెండు కొట్టిన, నువ్వు నాలుగు కొట్టు," అని చెంప చూపించాను.

అతని పిడికిలి బిగుసుకుంది. కొడతాడనే అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. బండి తాళాలు బానెట్ మీద పెట్టాడు.

"ఈడ ఎవరున్నరు సేట్? నన్ను పదిమంది ముంగట కొట్టినవ్. గా పదిమందిని పిలువు, వాళ్ల ముంగట చెప్పు," అని వెళ్లిపోయాడు.

మర్నాడు అదే వేళకు ఎల్బీనగర్ బస్టాపులో నిలబడ్డాను. బస్సులు వచ్చాయి, జనం దిగారు, ఎక్కారు. ఒక్క మొహమూ గుర్తుపట్టలేకపోయాను. కొట్టేటప్పుడు వాళ్ల వైపు సరిగా చూడనేలేదు.