తలుపు ఊడదీసిన ప్యానెల్

తిరిగిన ఊళ్ళన్నింటిలో నేను వంటవాళ్ళనూ కమ్మరులనూ చూశాను. వేడిని తాకకుండానే పసిగట్టేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా తక్కువే. మా పై వాటాలో ఉండే స్పానరమ్మ అలాంటి మనిషి. ఇరవై రెండేళ్ళుగా కరెంటు ప్యానెళ్ళు బిగిస్తోంది. ఆ పేరు ఆమె పనిచేసే షెడ్డులో వెక్కిరింతగా మొదలై గౌరవంగా స్థిరపడింది.

ఆ నెల ఆమె కోపమంతా ఒక నూలు మిల్లు ప్యానెల్ మీద. లోపల కరెంటును పంచే లోహపు పట్టీలను బస్‌బార్లంటారు. పటంలో గీసినవి రాగివి. షెడ్డు యజమాని వాటికి బదులు అల్యూమినియం తెప్పించి, కొలత మాత్రం అదే ఉంచాడు. పెట్టె అప్పటికే తయారైపోయిందట. అంత కరెంటు మోయాలంటే అల్యూమినియం పట్టీ దాదాపు ఒకటిన్నర రెట్లు వెడల్పుండాలని, లేకుంటే కాగిపోతుందని ఆమె మూడుసార్లు చెప్పింది, చివరికి కాగితం మీద రాసిచ్చింది. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

ఇందులో ఆమెకు ఇంకో దిగులుంది. మిల్లులో ఆ ప్యానెల్ పక్కన రోజంతా నిలబడేది ఆమె చెల్లెలి మొగుడు.

ఆ ప్యానెల్‌తో మిల్లు నడిచిన తొమ్మిదో రోజు మనసాగక వెళ్ళింది. ప్యానెల్ తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. ఎదురుగా ఫ్యాను హోరుమంటోంది. కరెంటు పారుతున్న పట్టీలు చెయ్యి చాపితే అందేలా ఉన్నాయి. ఫ్యాను గాలికి దూది నూగు ఎగిరి వాటి మీదే పేరుకుంటోంది.

"తలుపేస్తే కొలిమే వదినా. తీశాక నయం. ఇది నా ఆలోచనే" అన్నాడు మరిది.

"ఆ నూగు అంటుకున్నా, నీ చెయ్యి తగిలినా, నా చెల్లెలికి నేనేం చెప్పాలి?"

మెయిన్ ఆపించింది. నూగు దులిపి తలుపు బిగించి తాళం వేసింది. పట్టీలు మార్చేదాకా నాలుగు మిషన్లలో రెండే నడపాలంది. మిల్లు మేనేజరు అక్కడికక్కడే ఆమె యజమానికి ఫోను చేసి గోల పెట్టాడు. వెడల్పు పట్టీలు ఆ పెట్టెలో పట్టవని, కొత్త పెట్టెకు ఆరు వారాలు పడుతుందని, ఇదంతా ఆమె మొండితనమని యజమాని అన్నాడట. తాళంచెవి మాత్రం ఆమె ఇవ్వలేదు.

రెండు మిషన్లు ఆగడంతో మరిదికి వారానికి మూడు రోజులే పని. చెల్లెలు మాట్లాడటం మానేసింది. ఈ సంగతి చెబుతూ మెట్ల మీద కూర్చుని స్పానరమ్మ విసురుగా అంది:

"ఇంట్లో కూర్చుని రోజంతా నన్ను తిడుతున్నాడట. తిట్టనీ. తిట్టడానికి మనిషున్నాడుగా."