అద్దంలో అతుకు

జర్మనీలోని జీగెన్ ఊళ్లో సహస్ర ఉంటున్న ఇల్లు కొండవాలు మీద ఉంటుంది. కింది అంతస్తులో ఇంటామె ఫ్రౌ క్లాపర్ట్, ఎనభై ఒక్కేళ్ల మనిషి. పైన రెండంతస్తుల్లో అయిదుగురు చదువుకునే పిల్లలు. అందరినీ వెచ్చగా ఉంచేది సెల్లారులోని ఒక ఆకుపచ్చ ఉక్కు బాయిలరు. సహస్ర కంటే అది పదిహేనేళ్లు పెద్దది. జనవరి రెండో వారంలో, బయట కిటికీ అంచులకు మంచు గడ్డకట్టి ఉన్న సోమవారం నాడు, దాని వెనక అడుగుభాగాన బీట పడి నీళ్లు కారాయి.

ముందు వైద్యం చేసింది పక్క గది సాయి తేజ. గుంటూరు నుంచి వచ్చేటప్పుడు వాళ్లమ్మ సూట్‌కేసులో పెట్టిన వాటిలో ఆవకాయతో పాటు, నల్లాలు కారితే పూసే రెండు రంగుల ముద్ద కూడా ఉంది. రెండూ కలిపి పిసికి, సందులో చెయ్యి దూర్చి బీట మీద మెత్తాడు.

"చూడండి, ఒక్క చుక్క రావట్లేదు! మా ఇంటి మీద ట్యాంకు దీంతోనే ఆరేళ్లు నడిచింది," అన్నాడు గొప్పగా.

బాయిలరు వేడెక్కిన రెండు గంటలకు ముద్ద ఊడిపడింది.

మంగళవారం తనిఖీకి హెర్ డీట్స్ వచ్చాడు. ఈ దేశంలో ఇళ్ల పొగగొట్టాలు, బాయిలర్లు చూసి సరే అనడానికో, ఆపించడానికో అధికారమున్న నల్లదుస్తుల మనిషి. చూసి మంట ఆర్పించాడు. "సర్టిఫికెట్ ఉన్న వెల్డరు అతికితే సరే. శుక్రవారం మధ్యాహ్నం వస్తాను. లేకపోతే సీలు వేస్తాను."

సీలు పడితే ఇల్లు మూతపడినట్టే. గది దొరకడానికి ఆరు నెలలు పట్టే ఊళ్లో అయిదుగురు పిల్లలు పెట్టెలు సర్దుకోవాలి. ఫ్రౌ క్లాపర్ట్ అయితే, ఆమె కొడుకు ఎప్పుడో పేరు నమోదు చేయించిన వృద్ధుల హోముకు పోవాలి. వచ్చే శరదృతువుకు వీధిలోకి వేడినీటి గొట్టాలు వస్తాయి. ఈ ఒక్క చలికాలం ఆ ముసలి బాయిలరు బతికితే చాలు.

సహస్ర పదకొండు కంపెనీలకు ఫోన్ చేసింది. అందరిదీ ఒకటే జవాబు: మేం అతకం, కొత్తది పెడతాం, టెర్మిన్, అంటే మేం వచ్చే తేదీ, మార్చిలో. అతికేవాడు లేకుండా పోయిన కాలం ఇది. పారేసి కొనడాన్నే బాగుచేయడం అంటున్నారు. సహస్ర చదువుతున్నది మెకానికల్ ఇంజనీరింగులో మాస్టర్స్. వెల్డింగు పేపరులో క్లాసులో అందరికంటే మంచి గ్రేడు ఆమెదే. చేత్తో వెల్డింగు టార్చి పట్టింది మాత్రం ఒక్కసారి, అదీ ఫొటో కోసం.

చివరికి యూనివర్సిటీ వర్క్‌షాపులో పాత టెక్నీషియను ఒకాయన ఆమె చూపిన ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు. "గోడకూ బాయిలరుకూ మధ్య చెయ్యి దూరుతుంది, తల దూరదు. కనపడని చోట అతకాలి. అద్దంలో చూసి అతికేవాడు ఈ లోయలో ఒక్కడే ఉన్నాడు. కింద ట్యాంకులు చేసే షెడ్డుకు పోయి అద్దం మనిషి కావాలని అడుగు."

బుధవారం ఆమె, సాయి తేజ ఆ షెడ్డుకు వెళ్లారు. ఏ తెల్లగడ్డం జర్మన్ మేస్త్రీయో వస్తాడని సహస్ర మాటలు కూర్చుకుంటూ నిలబడింది. గేటు తీసుకొని వచ్చింది అబ్దుల్ ముఖీత్.

రోజూ పొద్దున బస్సులో కనిపించే హైదరాబాద్ అంకుల్. స్టీలు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని "సలాం బేటా" అనే మనిషి. ఆయన భార్య ఆబిదా ఇక్కడి ఆసుపత్రిలో నర్సు అనీ, ఆమె వెనకే ఈయన వచ్చాడనీ తెలుసు. అంతకుమించి సహస్ర ఎన్నడూ అడగలేదు. ఏ గోదాములోనో పెట్టెలు మోస్తాడనుకుంది. అడగకపోగా ఒకసారి సలహా కూడా ఇచ్చింది: ఇక్కడ చేతిపనికి మస్తు డిమాండ్ ఉంది, ఏదన్నా నేర్చుకోండని.

"మీరా అంకుల్?" అంది సహస్ర.

"నువ్వే గద బేటా చేతిపని నేర్చుకోమన్నవ్. నేర్చుకున్న," అని నవ్వాడు.

విషయమంతా విన్నాడు. పగులు పొడవెంత, ఉక్కు మందమెంత, ఏం పూశారు అని అడిగాడు. సాయి తేజ నేలచూపులు చూస్తూ ముద్ద సంగతి చెప్పాడు.

"లప్పం పెట్టిండ్రా? ఇంజనీర్ సాబ్‌లు!" అంటూ తొడ చరుచుకున్నాడు. తరువాత నవ్వు ఆపి, లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం తెచ్చాడు. జర్మన్ వెల్డరు పరీక్ష, మొదటిసారికే పాసు. వెనకవైపు వరసగా గళ్లు. ఆరు నెలలకోసారి షెడ్డు మేస్త్రీ సంతకం పెట్టాలి, పెట్టకపోతే సర్టిఫికెట్ చచ్చినట్టే. మూడు గళ్లు నిండి ఉన్నాయి. అక్టోబరు గడి ఖాళీ.

"పాత మేస్త్రీ రిటైర్ అయ్యెదాక పెట్టిండు. కొత్తాయన రేపు అంటడు. సంతకం పెడితే నేను వెల్డర్‌ని, నాకు వెల్డర్ దర్జా, వెల్డర్ జీతం ఇయ్యాలె. పెట్టకుంటే హెల్పర్‌ని. రోజూ చేసేది మాత్రం అదే వెల్డింగ్."

"చేసేది మీరే గద అంకుల్. కాగితం లేకున్న చెయ్యుండ్రి, ఎవరు చూస్తరు?" అంది సహస్ర.

ఆయన ముఖం మారింది. "బాయిలర్ చూస్తది బేటా. పేరు లేనోడు అతికితే, అది పగిలిన్నాడు జవాబు చెప్పేటోడు ఉండడు. సంతకం రానీ, వస్త. అప్పటిదాక టార్చి ముట్ట."

సాయంత్రం ఇంట్లో కోటు విప్పకుండానే కూర్చున్న ఫ్రౌ క్లాపర్ట్ ఇదంతా విన్నది. పోయిన ఆమె భర్త ఇనుప కార్మికుల సంఘంలో నలభై ఏళ్లు పనిచేసినవాడు. ఆమె ఫోన్ తీసి నేరుగా షెడ్డు మేస్త్రీకి కలిపింది. సహస్ర పక్కనే నిలబడి ఉంది.

"అబ్దుల్ ముఖీత్ మీ దగ్గర హెల్పరా, వెల్డరా? ఊరికే తెలుసుకుందామని," అంది ముసలామె తియ్యగా. "హెల్పరా? అయితే మీ ట్యాంకుల్లో కష్టమైన జాయింట్లన్నీ హెల్పరు చేతివే అన్నమాట. కొన్నవాళ్లకు ఈ సంగతి తెలుసా? నేను చెప్పనా? ఓహో, వెల్డరా! అయితే పెన్ను ఎక్కడుంది?"

గురువారం పొద్దున ఎనిమిదింటికి షెడ్డు వ్యాను వచ్చి ఆగింది. ముఖీత్ ముందుగా కవరు తీసి ముసలామెకు చూపించాడు. నాలుగో గడిలో సంతకం ఉంది.

సెల్లారులో జరిగింది సహస్ర ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ముందు లప్పం గీకాడు. దానికే గంట పట్టింది, సాయి తేజ ఆ గంటసేపూ దీపం పట్టుకొని ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. పగులు రెండు కొసలా సన్నటి రంధ్రాలు వేసి, "ఇంక ముందుకు పోవద్దని దానికి చెప్పాలె," అన్నాడు ముఖీత్. సరిగ్గా అదే ప్రశ్నకు సహస్ర రెండు పేజీల జవాబు రాసి ఉంది. ఉక్కును మెల్లగా వేడి చేశాడు. ఆ తరువాత సంచిలోంచి గుండ్రటి స్కూటరు అద్దం తీసి, తీగతో గోడకు వేలాడదీశాడు.

"ఇది రామగుండం పవర్‌హౌస్‌ల మా ఉస్తాద్ ఇచ్చిండు. బాయిలర్ ట్యూబులు వేల కొద్ది ఉంటయి, ఒకదాని ఎనక ఒకటి. ఎనక జాయింట్ కనబడది. బాలానగర్ షెడ్లల్ల పదేండ్లు చేసినోణ్ణి, నాకేం రాదా అనుకున్న. ఉస్తాద్ ఈ అద్దం ఇచ్చి, దీంట్ల చూసి నీ పేరు రాయమన్నడు. మూడు నెలలు పట్టింది."

సహస్రది గోదావరిఖని. "మా ఇంటికి కరెంటు అక్కణ్ణుంచే అంకుల్."

"అట్లనా? అయితే నువ్వు చదువుకున్న లైటు మా అతుకుల మీదికెళ్లే వచ్చింది," అని సిమెంటు నేల మీద పక్కకు ఒరిగి, చెంప ఆనించి పడుకున్నాడు.

అద్దంలో కుడి ఎడమవుతుంది. చూపు ఒకవైపు పోతుంటే చెయ్యి ఇంకోవైపు పోవాలి. టార్చి ఒక చేత, కడ్డీ ఒక చేత, రెండూ కంటికి ఆనని సందులో. నీలిమంట లేచింది. ముఖానికి షీల్డు అడ్డం పెట్టుకొని సహస్ర అద్దంలోకి చూసింది. చింతగింజంత ఉక్కు కరిగి, వణక్కుండా, తొణక్కుండా, మెల్లగా నడిచింది. అది నడిచిన చోట చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగిన గీతలు మిగిలాయి. ఆయన ఊపిరి తీసుకుంటున్నాడో లేదో తెలియలేదు. తనకు తెలియకుండానే ఆమె కూడా ఊపిరి బిగబట్టింది. యాభై మూడేళ్ల మనిషి, నెరిసిన గడ్డానికి మసి, మోచేతి మీద పాత కాలిన మచ్చలు. ఈ చేతులను ఆమె ఆరు నెలలు పక్క సీటులోంచి చూసింది. డబ్బా పట్టుకున్న చేతులుగా చూసింది, అంతే. మన చదువులు మనకు నేర్పిన చూపు అది. పనిని లెక్కలో చూస్తాం, పని చేసే మనిషిని బస్సులో కూడా చూడం.

మూడుసార్లు ఆ దారినే మళ్లీ మళ్లీ నడిపించి మంట ఆర్పాడు. చల్లారనిచ్చి, నీళ్లు నింపి, ఇంట్లో ఉండేదానికి రెండింతల ఒత్తిడి పెట్టాడు. అరగంటసేపు ముగ్గురూ మీటరు ముల్లును చూస్తూ కూర్చున్నారు. ముల్లు కదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో అడిగి ముఖీత్ కూడా వచ్చాడు. హెర్ డీట్స్ కాగితం చూశాడు, సంతకం తేదీ చూశాడు. సందులోకి దీపం వేసి వంగాడు, మెడ తిప్పాడు. కనపడలేదు. ముఖీత్ స్కూటరు అద్దం అందించాడు.

డీట్స్ చాలాసేపు చూశాడు. లేచి నల్లటోపీ తీశాడు.

"నలభై ఏళ్లుగా బాయిలర్లు చూస్తున్నాను. ఇది మిషను పని కాదా?"

సహస్ర తెలుగులోకి మార్చి చెబితే ముఖీత్ తల వంచుకున్నాడు. డీట్స్ ఫారం తీసి, పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నాడు.

"బేటా, ఏం రాసిండో చూడు. హెల్పర్ అని రాయలే కద?"

సహస్ర చదివింది. "వెల్డర్ అని రాసిండు చాచా. పక్కన మీ పేరు." అంకుల్ పోయి చాచా ఎప్పుడయ్యాడో ఆమెకే తెలియదు.

బాయిలరు గురగురమని అందుకుంది. కాసేపటికి పైన రేడియేటర్లు టిక్కు టిక్కుమన్నాయి. ఫ్రౌ క్లాపర్ట్ మంగళవారం నుంచి వేసుకొనే ఉన్న కోటు విప్పి మేకుకు తగిలించింది.

"నాకు నేర్పుతరా చాచా?"

"ముందుగాల కింద పండుకోవాలె. చదువుకున్నోళ్లకు అదే కష్టం."

సహస్ర చున్నీ తీసి పక్కన పెట్టి, సిమెంటు మీద చెంప ఆనించి, అద్దంలోకి చూసింది.